దాడి ఎవరు చేశారో చెప్తామనే సర్వీసు: ఏడాది వాడాక నా రివ్యూ

పేరు అడక్కండి, రాయను. మా కంపెనీకి వాళ్లతో ఒప్పందం ఇంకా నడుస్తోంది. పైగా ఈ రంగంలో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పబోయే లోపాలు కాస్త అటూ ఇటూగా అందరిలోనూ కనిపిస్తాయి. థ్రెట్ ఇంటెలిజెన్స్ అంటారు దీన్ని. ఇందులో రెండు భాగాలు. ఒకటి, ఏ మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) తిరుగుతోంది, నెట్‌లో ఏ ఐపీ అడ్రస్‌లు (కంప్యూటర్ల చిరునామాలు) అడ్డుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్‌కి వెంటనే ప్యాచ్ వేయాలి అని రోజూ వచ్చే సమాచారం. రెండోది ఒక లైబ్రరీ, పెద్ద పెద్ద దాడుల వెనక ఎవరున్నారో, ఏ గుంపు ఏ దేశానిదో రాసిపెట్టిన ఫైళ్లు. మీ మీద దాడి జరిగితే "ఎవరు చేశారు" అని మీకోసం ప్రత్యేకంగా రిపోర్టు రాసిచ్చేది కూడా ఈ రెండో భాగంలోనే.

మొదటి భాగం గురించి ఎక్కువ చెప్పను, బావుంది. అలర్ట్‌లు టైముకి వస్తాయి, మన ఫైర్‌వాల్‌కి నేరుగా కలుపుకోవచ్చు, తప్పుడు అలర్ట్‌లు మేం ఇంతకు ముందు వాడిన దానికంటే తక్కువ. రాత్రి పూట ఫోన్ చేస్తే మనిషే ఎత్తుతాడు. అంతే, అది అక్కడితో వదిలేద్దాం.

సేల్స్ వాళ్లు మాకు గొప్పగా చూపించి అమ్మింది రెండో భాగాన్ని. నా గొడవంతా దానితోనే.

ట్రయల్‌లో ఉన్నప్పుడు నేనొక చిన్న పరీక్ష పెట్టాను. కొత్త నిఘంటువు చేతికొస్తే మనకి ముందే బాగా తెలిసిన మాట తీసి చూస్తాం కదా, వీడు అర్థం సరిగ్గా రాశాడా లేదా అని, అలా. నాకు బాగా తెలిసిన మాట, హాలీవుడ్ స్టూడియో సోనీ పిక్చర్స్ మీద జరిగిన దాడి. 2014లో ఆ దాడి జరిగినప్పుడు నేను ఈ ఉద్యోగంలో కొత్త. దొరికిన ప్రతి ముక్కా చదివేవాణ్ణి. "ఇది ఉత్తర కొరియా పని కాదు, లోపలివాళ్ల పని" అని టీంలో గొంతు చించుకుని వాదించినవాణ్ణి కూడా. అది ఎంతవరకు నిలబడిందో తర్వాత చెప్తాను.

వాళ్ల ఫైలు తెరిచాను. బాధితులు: సోనీ పిక్చర్స్. నెల: నవంబర్ 2014. చేసింది: లాజరస్ గ్రూపు. దేశం: ఉత్తర కొరియా. కారణం: సినిమా. నమ్మకం: హై. కింద రెండు పేరాలు, పక్కన హ్యాకర్లు పెట్టిన ఎర్ర అస్థిపంజరం బొమ్మ. ఇంతే.

జవాబు తప్పని నేను అనడం లేదు. కానీ లెక్క చేయకుండా జవాబు ఒక్కటే రాసిస్తే ఏ లెక్కల మాస్టారైనా మార్కులు వేస్తాడా? ఈ దాడిలో అసలు రుచి అంతా లెక్కలోనే ఉంది.

నవంబర్ 24, సోమవారం. కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో సోనీ పిక్చర్స్ ఉద్యోగులు కంప్యూటర్లు ఆన్ చేస్తే ఆ బొమ్మ, కింద "గార్డియన్స్ ఆఫ్ పీస్" పేరుతో బెదిరింపు. ఆ తర్వాత కంప్యూటర్లు చెరిగిపోయాయి, జనం కాగితం, పెన్ను, పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లు పట్టుకుని పని నడిపారు. ఇంకా రిలీజ్ కాని సినిమాలు నెట్‌లోకి వచ్చేశాయి, పెద్దవాళ్ల మెయిళ్లు వచ్చేశాయి, వేలమంది ఉద్యోగుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు వచ్చేశాయి. డిసెంబర్ 16న థియేటర్లని 9/11 గుర్తు చేస్తూ బెదిరించారు, మర్నాడే సోనీ క్రిస్మస్ రిలీజ్ ఆపేసింది. ఆ సినిమా 'ది ఇంటర్వ్యూ', కిమ్ జోంగ్ ఉన్‌ని చంపడానికి వెళ్లే ఇద్దరు టీవీవాళ్ల కామెడీ. డిసెంబర్ 19న ఎఫ్‌బీఐ ప్రకటన వచ్చింది, చేసింది ఉత్తర కొరియా ప్రభుత్వమేనని. దాడి బయటపడిన 25 రోజులకే!

ఆ తొందరే మొదటి అనుమానం. ఒక దేశం పేరు, అదీ ఇంత త్వరగా, ఒక ప్రైవేటు కంపెనీ మీద దాడికి.

రెండో అనుమానం ఇంకా గట్టిది. దాడికి మూడు రోజుల ముందు, అంటే నవంబర్ 21న, సోనీ పెద్దలకి ఒక మెయిల్ వచ్చింది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, డబ్బు ఇవ్వండి, లేకపోతే దెబ్బ కొడతాం అని. అందులో సినిమా ఊసే లేదు. సినిమా మాట వాళ్ల మెసేజ్‌లలోకి డిసెంబర్ 8న వచ్చింది, అప్పటికే పేపర్లు ఉత్తర కొరియా, సినిమా అని పదిరోజుల నుంచి రాస్తున్నాయి. అంటే పేపర్లలో వచ్చింది చూసి వీళ్లు ఆ వేషం వేసుకున్నారా? నేను ఆ రోజుల్లో అందరినీ అడిగిన ప్రశ్న ఇదే, ఇప్పటికీ అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదనుకుంటాను.

మూడోది, చెరిపేసే ఆ మాల్వేర్‌లో సోనీ లోపలి సర్వర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ముందే రాసి ఉన్నాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అందరి చూపూ లోపలివాళ్ల మీదకి పోయింది. డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశానికి అప్పట్లో సెక్యూరిటీ చూసిన మార్క్ రోజర్స్ లాంటివాళ్లు, ఎఫ్‌బీఐ చూపించిన ఐపీ అడ్రస్‌లు ఎవరైనా వాడుకునే ప్రాక్సీలని (అసలు చిరునామా దాచే మధ్య సర్వర్లు), ఉత్తర కొరియా పాత మాల్వేర్‌తో కోడ్ పోలికలు అంత గట్టి సాక్ష్యం కాదని, ఒకసారి బయటపడిన మాల్వేర్‌ని ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని వాదించారు. టాయా గ్లోబల్ అనే సంస్థ ఆ మెసేజ్‌లలో ఇంగ్లిష్ తప్పుల్ని పరిశీలించి, ఇవి కొరియన్ కంటే రష్యన్ మాట్లాడేవాళ్లు చేసే తప్పుల్లా ఉన్నాయంది. నార్స్ అనే కంపెనీ అయితే ఏకంగా ఆరుగురున్నారు, అందులో ఒకరు ఆ ఏడాది మే నెలలో సోనీ తీసేసిన ఉద్యోగి అని చెప్పి, ఎఫ్‌బీఐ వాళ్లకి కూర్చోబెట్టి వివరించింది. ఎఫ్‌బీఐ ఒప్పుకోలేదు. (ప్రపంచపటం మీద రంగురంగుల గీతలు దూసుకుపోతూ "లైవ్ దాడులు" చూపించే మ్యాప్ గుర్తుందా, ఆఫీసుల్లో పెద్ద టీవీల మీద పెట్టుకునేవారు, అది ఈ నార్స్‌దే. 2016 మొదట్లో కంపెనీ కుప్పకూలింది.)

ఉత్తర కొరియా ఏమంది? మేం చేయలేదు, కానీ చేసినవాళ్లెవరో మంచి పనే చేశారు, మా అభిమానులై ఉంటారు అంది. తర్వాత అమెరికాతో కలిసి దర్యాప్తు చేద్దాం రండి అంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, తడుముకుంటూ దొంగని మెచ్చుకోవడం అప్పుడే చూశాను.

2015 జనవరి 7న ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ న్యూయార్క్‌లో మాట్లాడుతూ కొంచెం గుట్టు విప్పారు. హ్యాకర్లు కొన్నిసార్లు ప్రాక్సీ వాడటం మర్చిపోయారట, అప్పుడు ఉత్తర కొరియన్లు మాత్రమే వాడే ఐపీలు బయటపడ్డాయట. నాలాంటివాళ్లు దానికీ లొంగలేదు. ఇంత పకడ్బందీగా చేసినవాళ్లు అంత చిన్నది మర్చిపోతారా అన్నాం. ఆ నెలలోనే, అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2010 నుంచే ఉత్తర కొరియా నెట్‌వర్క్‌లలో దూరి ఉందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అంటే సాక్ష్యం ఎందుకు బయట పెట్టలేదో అర్థమైంది, పెడితే తాము ఎక్కడ నక్కి చూస్తున్నారో చెప్పినట్టే. దాంతో నాలో సగం అనుమానం పోయింది, ఇంకో కొత్త అనుమానం వచ్చింది. లోపలే కూర్చుని ఉంటే సోనీకి ముందే ఎందుకు చెప్పలేదు?

నా మిగతా సగం పోయింది 2018 సెప్టెంబర్ 6న. అమెరికా న్యాయశాఖ పార్క్ జిన్ హ్యోక్ అనే ఉత్తర కొరియా ప్రోగ్రామర్ మీద పెట్టిన కేసు బయటపెట్టింది. 179 పేజీలు. ఒక శనివారం మొత్తం కూర్చుని చదివాను. అందులో "మాకు తెలుసు, నమ్మండి" ధోరణి లేదు. ఫలానా మెయిల్ అకౌంట్, దాన్నుంచి సోనీవాళ్లకి వల మెయిళ్లు, ఆ గుంపువే ఇంకొన్ని అకౌంట్ల నుంచి ఏఎంసీ థియేటర్లకి, ఉత్తర కొరియా మీద టీవీ సీరియల్ తీస్తున్న బ్రిటిష్ కంపెనీకి కూడా మెయిళ్లు, ఆ అకౌంట్లకి ఒక దొంగపేరుతో సంబంధం, ఆ దొంగపేరుకి చైనాలో చోసన్ ఎక్స్‌పో అనే కంపెనీ పేరుతో మామూలు ప్రోగ్రామింగ్ పనులు చేసుకున్న పార్క్ సొంత అకౌంట్లతో సంబంధం. ఒక్కో ముడీ విప్పుకుంటూ పోతుంది. 2016లో బంగ్లాదేశ్ బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు కొట్టేసిన దాడి, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగిన 2017 మే నాటి వానాక్రై దాడి, ఈ రెండూ అదే దారానికి వచ్చి చేరతాయి. ఏ ఒక్క ముడినీ గట్టి సాక్ష్యం అనలేం, కానీ అన్నీ కలిపి చూశాక లోపలి ఉద్యోగి కథని పట్టుకుని వేలాడటం నా వల్ల కాలేదు. టీంలో అప్పట్లో నాతో వాదించినాయనకి ఫోన్ చేసి ఒప్పుకున్నాను కూడా. ఆయన మర్చిపోయారట, నాకే గుర్తుంది.

ఇంత కథ ఉంటే వాళ్ల ఫైల్లో రెండు పేరాలు. డబ్బు అడిగిన మెయిల్ లేదు. ఎవరు ఏ ఆధారంతో కాదన్నారో లేదు. 2014 డిసెంబర్‌లో చేతిలో ఎంత సాక్ష్యం ఉంది, 2018లో ఎంత పెరిగింది అన్న తేడా లేదు. మొదటి రోజు నుంచీ అందరికీ తెలిసిపోయినట్టు "హై" అని ఒక ఆకుపచ్చ బిళ్ల. కేసు పత్రానికి లింకు కూడా లేదు, అది ఉచితంగా దొరికే పత్రమండీ!

ఇక్కడే నేను ట్రయల్ ఆపేయమని చెప్పాల్సింది. చెప్పాను కూడా, మెతగ్గా. మేనేజర్లకి డ్యాష్‌బోర్డ్ నచ్చింది.

ఏడో నెలలో మా మీదే ఒక చిన్న దాడి జరిగింది. ఒక ఫైల్ సర్వర్‌లోకి ఎవరో వచ్చి కొన్ని ఫోల్డర్లు తీసుకెళ్లారు. ఒప్పందం ప్రకారం రిపోర్టు అడిగాం. రెండు రోజుల్లో వచ్చింది, ఫలానా దేశం తరఫున పనిచేసే గుంపు, నమ్మకం "మీడియం". ఆ మాట వినగానే మా పైవాళ్ల ముఖాల్లో భయం కనిపించింది, అబద్ధం ఎందుకు, దాంతోపాటు కాస్త తేలిక కూడా కనిపించింది. ఒక దేశం వచ్చి మీద పడితే మనమేం చేయగలం అని. తప్పు ఎవరి నెత్తినా పడదు. సోనీలోనూ అదే జరిగింది. వాళ్లు దర్యాప్తుకి పెట్టుకున్న మాండియంట్ తరఫున కెవిన్ మాండియా రాసిన ఉత్తరం, ఇలాంటి దాడికి ఏ కంపెనీ కూడా పూర్తిగా సిద్ధంగా ఉండలేదన్నట్టు చెప్పింది. బయటికొచ్చిన ఫైళ్లలో మాత్రం "పాస్‌వర్డ్" అనే పేరున్న ఫోల్డర్, దాన్నిండా పాస్‌వర్డ్‌లు!

మా రిపోర్టులో ఆధారం ఏంటా అని చూస్తే ఒకే ఒక్క ఐపీ అడ్రస్. అద్దెకిచ్చే సర్వర్ అది, ఎప్పుడో రెండేళ్ల కింద ఆ గుంపు వాడినట్టు ఎవరో రాశారు. రెండేళ్లలో ఒక అద్దె సర్వర్‌లో ఎంతమంది దిగి ఎంతమంది ఖాళీ చేసి ఉంటారు? మేం మా లాగ్‌లు తవ్వుకుంటూ పోతే తేలింది ఏంటంటే, కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయిన ఒకాయన అకౌంట్ మేం మూయలేదు, ఆయన అదే పాస్‌వర్డ్ ఇంకో సైట్‌లో వాడారు, ఆ సైట్ ఎప్పుడో లీక్ అయింది. ఆ లీకైన జాబితా కొన్నవాడెవడో తాళంచెవి పెట్టినట్టు నేరుగా వచ్చాడు. ఇందులో దేశమూ లేదు, గూఢచారీ లేడు. తప్పు మాది. పోర్టల్‌లో వారం తర్వాత చూస్తే "మీడియం" కాస్తా "లో" అయింది. ఎప్పుడు మార్చారో తేదీ లేదు, ఎందుకు మార్చారో మాట లేదు. ఒక ఫోన్ కాల్ కూడా లేదు. నాకు తప్పు చెప్పడం కంటే ఈ చడీచప్పుడు లేకుండా దిద్దడమే ఎక్కువ కోపం తెప్పించింది.

కాల్‌లో వాళ్ల అనలిస్టుని అడిగాను, వేరేవాళ్లు కావాలని ఆ గుంపులా కనిపించేలా చేస్తే మీరెలా పట్టుకుంటారండీ అని. అలాంటివి చాలా అరుదు సార్ అన్నాడు. అరుదా? 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభం రోజున పడిన మాల్వేర్‌లో లాజరస్ గుర్తులు అచ్చు గుద్దినట్టు పెట్టారు. ఫైలు లోపల కంపైలర్ (రాసిన కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే సాఫ్ట్‌వేర్) వదిలే చిన్న ముద్ర దగ్గర్నుంచి. అది నకిలీ ముద్ర అని కాస్పర్‌స్కీ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు విప్పి చూపించారు, 2020 అక్టోబర్‌లో అమెరికా రష్యా సైనిక గూఢచారి సంస్థకి చెందిన ఆరుగురి మీద కేసు పెట్టింది. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో టీవీ5 మోండ్ ఛానెళ్లు ఆపేసింది "సైబర్ కాలిఫేట్" అన్నారు, జిహాదీ జెండా పెట్టారు, తర్వాత వేళ్లన్నీ రష్యా గుంపు వైపే చూపించాయి. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇవి రెండూ వాళ్ల సొంత లైబ్రరీలోనే ఉన్నాయి. అనలిస్టు చదవలేదో, నన్ను త్వరగా వదిలించుకోవాలనుకున్నాడో. పాపం చిన్న కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు.

ఇంకో చిరాకు పేర్లు. ఒకే గుంపుని ఒకరు లాజరస్ అంటారు, అమెరికా ప్రభుత్వం హిడెన్ కోబ్రా అంటుంది, మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు జింక్ అని, ఇప్పుడు డైమండ్ స్లీట్ అని, క్రౌడ్‌స్ట్రైక్ లాబిరింత్ చొల్లిమా అని. వీళ్లు తమ సొంత పేరు ఇంకోటి పెట్టారు. సెర్చ్‌లో ఒక పేరు కొడితే మిగతావి రావు. ఏడాదిలో నాలుగుసార్లు చెప్పాను.

ఇదంతా ఎవడు చేస్తే ఏంటి, ప్యాచ్ వేసుకో, పని చూసుకో అనేవాళ్లు ఉంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ డబ్బు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వచ్చింది, చూడటానికి డబ్బులడిగే రాన్సమ్‌వేర్, నిజానికి అన్నీ చెరిపేసేది. మర్క్ అనే మందుల కంపెనీ సుమారు 140 కోట్ల డాలర్ల నష్టమని ఇన్సూరెన్స్ అడిగింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ ఇది రష్యా సైన్యం పని అని ప్రకటించాయి. ఇన్సూరెన్స్ వాళ్లు, అయితే ఇది యుద్ధం, యుద్ధానికి పాలసీ వర్తించదు అన్నారు. బిస్కెట్లు, చాక్లెట్లు చేసే మాండలీజ్‌కి కూడా అదే సమాధానం, పది కోట్ల డాలర్లకి పైగా క్లెయిమ్, జూరిక్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ మీద కోర్టుకెళ్లి చివరికి 2022లో రాజీ పడ్డారు. మర్క్ 2023లో న్యూజెర్సీ అప్పీలు కోర్టులో గెలిచింది. ఈ కేసులు ఇంకా నడుస్తుండగానే లండన్‌లోని లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ మార్కెట్ తెలివిమీరింది, దేశాల అండతో జరిగే పెద్ద దాడులకి సైబర్ పాలసీలు వర్తించకుండా చూడాలని, అసలు ఫలానా దేశం పనే అని ఎలా తేలుస్తారో కూడా పాలసీలోనే రాసుకోవాలని తమ మార్కెట్‌లోవాళ్లకి 2022 ఆగస్టులో చెప్పింది, 2023 మార్చి 31 నుంచి అమలు. ఇప్పుడు ఆలోచించండి, ఒక్క ఐపీ చూసి "దేశం తరఫు గుంపు, మీడియం" అని రాసిచ్చిన మా రిపోర్టు ఇన్సూరెన్స్ వాళ్ల చేతికి వెళ్లి ఉంటే? మా దాడి చిన్నది కాబట్టి బతికిపోయాం.

అందుకే కొనాలనుకునేవాళ్లకి నా మాట ఇది. రోజువారీ ఫీడ్ కావాలంటే తీసుకోండి, నాలుగు స్టార్లు. "ఎవరు చేశారు" రిపోర్టుల కోసమైతే ఒకటిన్నర, ఆ సగం కూడా రాత్రి పూట ఫోన్ ఎత్తే మనుషులకి. ట్రయల్‌లో మీకు లోతుగా తెలిసిన ఒక పాత దాడి ఫైలు తెరిచి చూడండి, మొదట ఎవరిని అనుకున్నారు, ఎందుకు మార్చుకున్నారు, కాదన్నవాళ్ల వాదన ఏంటి అన్నవి ఉన్నాయో లేవో. ఒప్పందంలో ఒక లైను రాయించుకోండి, రిపోర్టు మారిస్తే తేదీ, కారణం రాసి పంపాలని. మేం రాయించుకోలేదు.

రెన్యువల్ ముందు సోనీ ఫైలు గురించి రెండు పేజీల మెయిల్ రాశాను, ఇందులో చెప్పినవన్నీ, తేదీలతో సహా. ధన్యవాదాలు, మీ సూచన మాకు అమూల్యం అని జవాబొచ్చింది. పోయిన వారం తెరిచి చూశాను. నిజంగానే మార్చారు, చివర్లో ఒక వాక్యం చేర్చారు, "ఈ దాడి వెనక ఎవరున్నారన్న దానిపై అప్పట్లో కొందరు అనుమానాలు వ్యక్తం చేశారు" అని. ఆ కొందరు ఎవరో మాత్రం రాయలేదు.